గ్రాఫు దిద్దుబాటులో ఉన్న శాస్త్రం

1951 నుంచి 2011 దాకా భారతదేశ జనాభా లెక్కలను కంప్యూటరులో ఒక షీటుకు ఎక్కించామనుకుందాం. మొదటి నిలువు వరసలో సంవత్సరాలు, రెండోదాంట్లో జనాభా కోట్లలో: 36.1, 43.9, 54.8, 68.3, 84.6, 102.9, 121.1. రెండు వరసలనూ ఎంచుకుని లైన్ చార్టు బొత్తాం నొక్కితే ఎక్సెల్ రెప్పపాటులో బొమ్మ గీసిపెడుతుంది. కానీ ఆ బొమ్మలో రెండు గీతలుంటాయి. పైన 2000 దగ్గర ఇంచుమించు చదునుగా సాగేది ఒకటి, అడుగున నేలబారుగా పాకేది ఇంకొకటి. పైది సంవత్సరాల గీత! 1951, 1961 కూడా అంకెలే కదా అని సాఫ్ట్‌వేర్ వాటినీ కొలతలుగానే లెక్కగట్టి గీసేసింది. కింది అక్షం మీద సంవత్సరాలు ఉండవలసిన చోట 1, 2, 3 అని ఉంటుంది.

ఈ తప్పు కొట్టొచ్చినట్టు కనబడుతుంది కాబట్టి ఎవరైనా దిద్దుకుంటారు. చార్టు మీద రైట్ క్లిక్ చేసి 'సెలెక్ట్ డేటా' తెరిచి, గీతల జాబితాలోంచి సంవత్సరాలను తీసేసి, అవే గడులను కింది అక్షం పేర్లుగా చూపిస్తే సరి. చార్టు వేయకముందే సంవత్సరాల పైనున్న శీర్షిక గడిని ఖాళీగా వదిలేస్తే చాలాసార్లు ఎక్సెల్ తనే అర్థం చేసుకుంటుంది కూడా. చిక్కల్లా కంటికి కనబడని తప్పులతోనే. బొత్తాం నొక్కిన క్షణంలో సాఫ్ట్‌వేర్ మన తరఫున ఎన్నో నిర్ణయాలు తీసుకుంటుంది. అక్షం ఎక్కడ మొదలవ్వాలి, బిందువుల మధ్య ఎడం ఎంత ఉండాలి, ఖాళీ గడిని ఏం చేయాలి, దాచిన వరసలను లెక్కలోకి తీసుకోవాలా వద్దా? వీటిలో ప్రతిదీ చదివేవారి అభిప్రాయాన్ని మార్చగలదు. గ్రాఫును దిద్దడమంటే రంగులూ అక్షరాల సైజూ మార్చడమని చాలామంది అనుకుంటారు. నా ఉద్దేశంలో, సాఫ్ట్‌వేర్ తీసుకున్న ఆ నిర్ణయాలను ఒక్కొక్కటిగా వెనక్కి తీసుకుని, మనం ఆలోచించి మళ్లీ తీసుకోవడమే దిద్దుబాటు. అది పరిశోధనలో ఒక భాగం.

గ్రాఫు చరిత్రలో ఎక్కువ కాలం ఈ నిర్ణయాలు మనిషి చేతిలోనే ఉన్నాయి. స్కాట్లాండుకు చెందిన విలియం ప్లేఫెయిర్ 1786లో వెలువరించిన వాణిజ్య, రాజకీయ అట్లాసులో ఎగుమతి దిగుమతులను కాలక్రమంలో గీతలుగా చూపించాడు. ఆ పుస్తకంలో కమ్మీల చార్టు ఒకే ఒక్కటి ఉంది. స్కాట్లాండు వ్యాపారానికి సంబంధించి ఆయన దగ్గర ఒక్క ఏడాది లెక్కలే ఉన్నాయి. ఒక్క ఏడాదితో కాలక్రమం గీత ఎలాగూ రాదు కనుక, ఒక్కో దేశంతో జరిగిన వ్యాపారాన్ని కమ్మీలుగా గీశాడు. ఉన్న సమాచారానికి ఏ రూపం తగునో తేల్చుకున్నాకే చేయి కదిపాడన్నమాట. ఆ బొమ్మలు రాగిరేకు మీద చెక్కినవి. చెక్కాక మార్చడం కష్టం, కాబట్టి ముందే ఆలోచించక తప్పేది కాదు.

కంప్యూటరు ఆ కష్టాన్ని తీసేసింది. 1979లో డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్ తయారుచేసిన విజికాల్క్ లెక్కల షీటును యాపిల్ 2 కంప్యూటరు తెర మీదికి తెచ్చింది. 1983లో వచ్చిన లోటస్ 1-2-3లో షీటూ గ్రాఫూ ఒకే ప్రోగ్రాములో కలిశాయి. షీటులో అంకె మార్చి ఎఫ్10 మీట నొక్కితే తెర మీద గ్రాఫు మళ్లీ గీసుకునేది. దాన్ని కాగితం మీద అచ్చు తీయాలంటే మాత్రం వేరే ప్రోగ్రాము తెరవాల్సి వచ్చేది. ఎక్సెల్ 1985లో మెకింటాష్ మీద, 1987లో విండోస్ మీద వచ్చింది. ఉచితంగా దొరికే లిబ్రేఆఫీస్ 2010లో ఓపెన్ఆఫీస్ నుంచి విడిపోయి పుట్టింది. ఇప్పుడు అంకె మారిస్తే చాలు, మీట కూడా నొక్కనక్కరలేదు. శ్రమతో పాటు, ఆ శ్రమ మన చేత చేయించిన ఆలోచన కూడా పోయింది.

తెర మీద కనిపించే చార్టు చూడటానికి బొమ్మే గానీ, దాని వెనుక ఉన్నది ఆదేశాల జాబితా. ఎక్సెల్ చార్టులో ఒక గీత మీద క్లిక్ చేసి పైనున్న ఫార్ములా పట్టీ చూడండి. 'సిరీస్' అనే ఫార్ములా కనిపిస్తుంది. బ్రాకెట్లలో వరసగా నాలుగు భాగాలుంటాయి: గీత పేరు ఏ గడిలో ఉంది, అడ్డం అక్షం విలువలు ఏ గడులవి, నిలువు విలువలు ఏ గడులవి, ఉన్న గీతల్లో ఇది ఎన్నోది. ఈ ఫార్ములాను అక్కడికక్కడే దిద్దవచ్చు. ఏడు గడులు తీసుకోవలసిన చోట ఆరే తీసుకుందేమో తెలుసుకోవడానికి ఇంతకంటే దగ్గరి దారి లేదు. నెలనెలా కొత్త అంకెలు చేర్చే షీట్లలో ఈ పొరపాటు సర్వసాధారణం. కింద కొత్త వరస చేరుతుంది, చార్టు మాత్రం పాత హద్దు దగ్గరే ఆగిపోతుంది. అంకెలను ముందుగా 'టేబుల్'గా మార్చుకుంటే వరస చేరినప్పుడల్లా చార్టు తనంతట తనే పెరుగుతుంది. లిబ్రేఆఫీస్ కాల్క్‌లో దారి కొంచెం వేరు. చార్టు మీద రెండుసార్లు క్లిక్ చేసి దిద్దే స్థితిలోకి వెళ్లాలి. ఆ తర్వాతే రైట్ క్లిక్‌లో 'డేటా రేంజెస్' కనిపిస్తుంది. చాలామంది ఒక్క క్లిక్‌తో వెతికి, కాల్క్‌లో ఆ సౌకర్యమే లేదనుకుని వదిలేస్తారు.

ఇంకొంచెం లోపలికి వెళ్లవచ్చు. 2007 నుంచి ఎక్సెల్ వాడుతున్న ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్ ఫైలు నిజానికి ఒక జిప్ ఫైలే. నకలు తీసుకుని, పేరు చివర జిప్ అని మార్చి విప్పితే లోపల చార్టుల ఫోల్డరు ఒకటి, అందులో చార్టుకొక ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైలు ఉంటాయి. మామూలు నోట్‌ప్యాడ్‌లో తెరిచి చదవవచ్చు. అంకెలు ఏ గడుల నుంచి తెచ్చుకోవాలో చెప్పే చిరునామా అక్కడ ఉంటుంది. దాని పక్కనే, చివరిసారి తెచ్చుకున్న అంకెల నకలు కూడా దాచి ఉంటుంది. అందుకే వేరే ఫైలుకు లింకు పెట్టిన చార్టు, ఆ ఫైలును చెరిపేశాక కూడా పాత అంకెలతో నిబ్బరంగా కనబడుతూనే ఉంటుంది. అవి నేటివో నిరుటివో చూసేవారికి తెలిసే వీలు లేదు.

ఏ అంకెలు గ్రాఫులోకి వచ్చాయి, ఏవి రాలేదు అన్నది అన్నిటికంటే ముందు అడగవలసిన ప్రశ్న. ఎక్సెల్‌లో ఫిల్టరు పెట్టి కొన్ని వరసలను దాచితే, మనం వేరుగా చెప్పనంతవరకు అవి చార్టులోంచి కూడా మాయమవుతాయి. 'సెలెక్ట్ డేటా' కిటికీ అడుగున 'హిడెన్ అండ్ ఎంప్టీ సెల్స్' అనే బొత్తాం వెనుక దీన్ని మార్చే వీలుంది. ఆ బొత్తాం జోలికి పోయేవారు తక్కువ. ఫిల్టరు పెట్టింది ఒకరు, చార్టును రిపోర్టులో అతికించింది ఇంకొకరు అయితే, ఏ వరసలు జారిపోయాయో గమనించే నాథుడుండడు.

జారిపోయిన బిందువుల విలువ ఎంతటిదో 1986 జనవరి 28న అమెరికాలో కూలిన చాలెంజర్ అంతరిక్ష నౌక ఉదంతం చెబుతుంది. చలికి రాకెట్ అతుకుల్లోని రబ్బరు ఓ-రింగులు సరిగా పనిచేయవేమోనని ముందురోజు రాత్రి ఇంజనీర్లు ఆందోళనపడ్డారు. ఆ చర్చలో, ఓ-రింగులు దెబ్బతిన్న ప్రయోగాలను మాత్రమే ఉష్ణోగ్రతతో పోల్చి చూశారు. అలా చూస్తే వెచ్చని రోజుల్లోనూ చల్లని రోజుల్లోనూ నష్టం కనిపించింది, చలికీ నష్టానికీ సంబంధం తేలలేదు. ఏ నష్టమూ జరగని ప్రయోగాలు ఆ పోలికలో లేవు. తర్వాత విచారణ సంఘం అన్ని ప్రయోగాలనూ కలిపి చూసింది. 66 డిగ్రీల ఫారెన్‌హీట్, ఆపై ఉష్ణోగ్రతలో జరిగిన 20 ప్రయోగాల్లో మూడింటిలోనే ఓ-రింగులకు నష్టం జరిగింది. 65 డిగ్రీల లోపు జరిగిన నాలుగింటికి నాలుగింటిలోనూ జరిగింది. చాలెంజర్ ఎగిరిన ఉదయం ఉష్ణోగ్రత 36 డిగ్రీల దగ్గర ఉంది. ఏడుగురు వ్యోమగాములు ప్రాణాలు కోల్పోయారు. నష్టం సున్నా అని చెప్పే బిందువులకు కూడా చెప్పవలసిన మాట ఉంటుందని ఆ రెండో పోలిక తెలియజేసింది.

ఇక అక్షం సంగతి. మూడు బడుల పదో తరగతి ఉత్తీర్ణత 91, 93, 95 శాతం అనుకుందాం (ఇవి ఉదాహరణకు వేసుకున్న అంకెలు). గరిష్ఠానికీ కనిష్ఠానికీ మధ్య తేడా గరిష్ఠంలో ఆరోవంతు కన్నా తక్కువైతే, ఎక్సెల్ మామూలుగా నిలువు అక్షాన్ని సున్నా దగ్గర మొదలుపెట్టదు. కనిష్ఠానికి కాస్త కిందనుంచి మొదలుపెడుతుంది. మన అక్షం 90 దగ్గర మొదలైందనుకోండి. కమ్మీల ఎత్తులు 1, 3, 5 అవుతాయి. మూడో బడి మొదటిదానికంటే అయిదింతలు మెరుగన్నట్టు కనబడుతుంది. అమెరికాకు చెందిన ఎడ్వర్డ్ టఫ్టీ 1983లో అచ్చయిన తన పుస్తకంలో ఇలాంటి వక్రీకరణకు ఒక కొలత ఇచ్చాడు. బొమ్మలో కనిపించే మార్పును అంకెల్లో ఉన్న మార్పుతో భాగించమన్నాడు. ఇక్కడ అంకెల్లో మార్పు 91 నుంచి 95కు, అంటే 4.4 శాతం. బొమ్మలో 1 నుంచి 5కు, అంటే 400 శాతం. భాగిస్తే దాదాపు 91 వస్తుంది. నిజాయితీగా గీసిన బొమ్మకు ఇది 1 దగ్గర ఉండాలి. దిద్దడానికి నిలువు అక్షం మీద రైట్ క్లిక్ చేసి, 'ఫార్మాట్ యాక్సిస్'లో 'మినిమమ్' అన్నచోట సున్నా వేస్తే చాలు.

అలాగని ఎక్కడైనా సున్నాయే అని పట్టుబట్టకూడదు. కమ్మీలో కన్ను చదివేది పొడవును, పొడవుకు మొదలంటూ ఉండాలి. గీతలో కన్ను చదివేది ఎగుడుదిగుళ్లను. జ్వరం వచ్చిన మనిషి ఒంటి వేడి 98.6 నుంచి 103 డిగ్రీలకు ఎక్కిన గ్రాఫును సున్నా నుంచి గీస్తే చదునుపాటి గీత వస్తుంది, డాక్టరుకు ఎందుకూ పనికిరాదు. సున్నా నుంచి మొదలుకాని అక్షం తప్పు కాదు, ఆ సంగతి చెప్పకుండా దాచడం తప్పు. రెండు నిలువు అక్షాలున్న చార్టుల మీద మాత్రం నాకు నమ్మకం తక్కువ. ఎడమ అక్షాన్నీ కుడి అక్షాన్నీ విడివిడిగా సాగదీయవచ్చు. అప్పుడు ఏ రెండు గీతలనైనా మనకు కావలసిన చోట కలిపించవచ్చు, దాటించవచ్చు. దానికి బదులు ఒకదాని కింద ఒకటిగా రెండు చిన్న చార్టులు పెట్టడం మేలు.

జనాభా చార్టుకు మళ్లీ వద్దాం, అక్కడ తేల్చుకోవలసింది చాలా ఉంది. లైన్ చార్టుకు కింది అక్షం మీదున్నవి ఒట్టి పేర్లు. 1951, 1961 అన్నా, గుంటూరు, వరంగల్ అన్నా దానికి ఒకటే, సమాన దూరంలో నిలబెడుతుంది. స్కాటర్ చార్టు అలా కాదు, అంకె విలువను చూసి ఏ బిందువును ఎక్కడ పెట్టాలో అక్కడ పెడుతుంది. (షీటులో తేదీలుగా నమోదైతే లైన్ చార్టు కూడా కాలాన్ని లెక్కలోకి తీసుకుంటుంది, అది వేరే సంగతి.) ఈ లెక్కలన్నీ పదేళ్లకోసారి తీసినవి కాబట్టి రెండు రకాల్లోనూ బొమ్మ ఒకేలా ఉంటుంది. సమీకరణం అడిగినప్పుడే తేడా బయటపడుతుంది.

లైన్ చార్టులో గీత మీద రైట్ క్లిక్ చేసి 'యాడ్ ట్రెండ్‌లైన్' ఎంచుకుని, సరళరేఖ గీసి సమీకరణం చూపమంటే వై = 14.386 ఎక్స్ + 15.557 అని వస్తుంది. స్కాటర్ చార్టులో అదే పని చేస్తే వై = 1.4386 ఎక్స్ – 2776.7 అని వస్తుంది. రెండూ అవే అంకెల నుంచి పుట్టిన ఒకే రేఖ. కాకపోతే మొదటిదాంట్లో ఎక్స్ అంటే వరస సంఖ్య, 1951కి 1, 1961కి 2 అన్నమాట. ఆ సంగతి తెలియక ఎక్స్ స్థానంలో 2021 వేస్తే దేశ జనాభా 29,000 కోట్లు దాటుతుంది! జనాభా అయితే ఎవరికైనా అనుమానం వస్తుంది. అదే కాలేజీ ప్రయోగశాలలో ఒక ద్రావణం గాఢత అయితే? 0, 1, 2, 5, 10 గాఢతలకు కాంతి శోషణను కొలిచి, బీర్-లాంబర్ట్ నియమం ప్రకారం సరళరేఖ వస్తుందని చూపించే ప్రయోగం ఉంది కదా. ఆ అంకెలను లైన్ చార్టులో పెడితే 2కూ 5కూ మధ్య ఎడం 1కీ 2కూ మధ్య ఎడమంతే అవుతుంది, తిన్నగా ఉండవలసిన గీత వంకరపోతుంది. ప్రయోగం సరిగా చేసిన విద్యార్థి తన కొలతలే తప్పనుకుంటాడు. విజ్ఞాన శాస్త్ర విద్యార్థులకు చార్టు గురించి ఒక్క మాటే చెప్పాలంటే, రెండు కొలతల మధ్య సంబంధానికి ఎప్పుడూ స్కాటర్ చార్టే వాడమని చెబుతాను.

స్కాటర్ సమీకరణంలోనూ ఒక ఉచ్చు ఉంది. తెర మీద కనిపించేది కుదించిన అంకె. 1.4386 వాడి 2021కి లెక్కగడితే 130.7 కోట్లు వస్తుంది. చూడటానికి ముచ్చటగా ఉంటుందని దాన్ని 1.44 అని రాసుకుంటే 133.5 కోట్లు. దశాంశ బిందువు తర్వాత మూడో స్థానంలో జరిగిన సవరణ దాదాపు మూడు కోట్ల మందిని పుట్టించింది. గుణించేది 2021 అంతటి పెద్ద అంకె కావడమే దీనికి కారణం. వంపు తిరిగే బహుపదులను ఎంచుకుంటే, ఎక్సెల్ ఆరో ఘాతం దాకా ఒప్పుకుంటుంది గనుక, ఈ ప్రమాదం ఇంకా పెరుగుతుంది. సమీకరణం ఉన్న పెట్టె మీద రైట్ క్లిక్ చేసి దశాంశ స్థానాలు పెంచుకోవడం ఒక మార్గం. సంవత్సరాల నుంచి 1951 తీసేసి 0, 10, 20 అని వాడుకోవడం అంతకంటే మంచిది. పెట్టెలోని అంకెలను చూసి రాసుకునే పనే లేకుండా, స్లోప్, ఇంటర్‌సెప్ట్ ఫంక్షన్లతో షీటులోనే లెక్కగట్టడం అన్నిటికన్నా నమ్మకమైనది.

రేఖ ఎంత బాగా అతికిందో చెప్పే ఆర్ స్క్వేర్ విలువ అడిగితే ఈ చార్టుకు 0.98 వస్తుంది. 1కి అంత దగ్గరగా ఉందంటే చాలామంది అక్కడితో తృప్తిపడతారు. తృప్తిపడకుండా బిందువులను చూడండి. 1951 బిందువు రేఖకు 6 కోట్లు పైన ఉంది. 1981 బిందువు దాదాపు 5 కోట్లు కింద, 2011 మళ్లీ దాదాపు 5 కోట్లు పైన ఉన్నాయి. కొసలు రెండూ పైన, నడుమ కింద ఉన్నాయంటే అసలు దారి వంపు తిరిగిందని అర్థం. 1991 నుంచి 2011 దాకా ఒక్కో దశాబ్దంలో 18 కోట్లకు పైగా పెరిగిన జనాభాకు, ఈ రేఖ తర్వాతి పదేళ్లలో 10 కోట్లు కూడా కలపదు. 0.98 అన్న అంకెలో ఈ సంగతి లేదు, చార్టులో ఉంది.

1973లో ఫ్రాన్సిస్ యాన్స్‌కంబ్ అనే గణాంక శాస్త్రజ్ఞుడు ఇదే సంగతిని తిరుగులేకుండా చూపించాడు. పదకొండేసి బిందువులున్న నాలుగు పట్టికలు తయారుచేశాడు. నాలుగింటిలోనూ సగటులు ఒకటే, సరళరేఖ సమీకరణం ఒకటే, సహసంబంధ గుణకం 0.816 దగ్గర ఒకటే. గీసి చూస్తే వేటికవే. ఒకటి మామూలుగా చెదిరిన బిందువులు, ఒకటి చక్కని వంపు. మూడోది సరళరేఖే గానీ ఒక్క బిందువు దారి తప్పింది. నాలుగోదాంట్లో పది బిందువులు ఒకే నిలువు గీత మీద పేరుకుని, పదకొండోది ఎక్కడో దూరాన ఉండి మొత్తం రేఖను తనవైపు లాగుతుంది. ఆ పట్టికలను ఎక్సెల్‌కో కాల్క్‌కో ఎక్కించి నాలుగు స్కాటర్ చార్టులు వేయించడం డిగ్రీ తరగతిలో ఒక గంట పని. గణాంక శాస్త్రం మీద ఒక గంటను ఇంతకంటే లాభసాటిగా ఖర్చుపెట్టే మార్గం నాకు తోచదు.

ఖాళీ గడుల విషయంలో జాగ్రత్త వేరు. వర్షమాపకం చెడిపోయి ఒక నెల కొలత లేకపోతే, ఆ గడిని ఖాళీగా వదలడానికీ అందులో సున్నా వేయడానికీ ఎంతో తేడా ఉంది. సున్నా అంటే వాన పడలేదని, ఖాళీ అంటే మనకు తెలియదని. కొందరు ఖాళీగా వదలడం ఇష్టంలేక చిన్న అడ్డగీతో 'లేదు' అన్న మాటో రాస్తారు. లైన్ చార్టు ఆ అక్షరాలను సున్నాగా గీసేస్తుంది, కొలత లేని నెల కాస్తా కరువు నెల అయిపోతుంది. ఇంతకుముందు చెప్పిన 'హిడెన్ అండ్ ఎంప్టీ సెల్స్' కిటికీలోనే ఖాళీని ఖాళీగా చూపాలా, సున్నాగా చూపాలా, రెండు పక్కల బిందువులను కలిపేయాలా అన్నది ఎంచుకోవచ్చు. ఎడాన్ని ఎడంగా వదలడమే నిజాయితీ. వర్షపాతం చార్టుకే 'స్మూత్‌డ్ లైన్' అన్న టిక్కు పెట్టి చూడండి. వరసగా సున్నాలున్న వేసవి నెలల తర్వాత జూన్‌లో గీత ఒక్కసారి పైకి లేచేచోట, లేవబోయే ముందు నునుపు గీత సున్నాకు దిగువకు వంగుతుంది. సున్నాకంటే తక్కువ వాన ఏ మండలంలోనూ కురవదు.

వృత్తాకారపు పై చార్టుల గురించి ఎక్కువ చెప్పను. విలియం క్లీవ్‌లాండ్, రాబర్ట్ మెక్‌గిల్ 1984లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, ఒకే కొలబద్ద మీద స్థానాలను పోల్చేటప్పుడు మనిషి అన్నిటికన్నా తక్కువ పొరపడతాడు. పొడవులు, కోణాలు పోల్చడంలో తప్పు పెరుగుతుంది, వైశాల్యం, ఘనపరిమాణం దగ్గరికొస్తే ఇంకా పెరుగుతుంది. పై చార్టును త్రీడీగా వాల్చితే ముందున్న ముక్క అంచుతో సహా కనబడి ఉన్నదానికంటే పెద్దదనిపిస్తుంది. త్రీడీ బొత్తాం సాఫ్ట్‌వేర్‌లో ఉన్నంత మాత్రాన నొక్కాలని లేదు.

తెలుగులో చార్టులు వేసేవారికి ఉపయోగపడే సంగతులు కొన్ని ఉన్నాయి. మన లెక్క లక్షల్లో కోట్లలో, సాఫ్ట్‌వేర్ లెక్క మిలియన్లలో అని చాలామంది వాపోతుంటారు. 'ఫార్మాట్ యాక్సిస్'లో 'డిస్‌ప్లే యూనిట్స్' జాబితా తెరిస్తే వేలు, మిలియన్లతో పాటు 100000, 10000000 కూడా ఉంటాయి. మొదటిది లక్ష, రెండోది కోటి. ఎంచుకోగానే అక్షం పక్కన ఒక పెట్టె వస్తుంది, అందులో 'లక్షల్లో' అనో 'కోట్లలో' అనో తెలుగులోనే రాసుకోవచ్చు. తెలంగాణలోని 33 జిల్లాలకు నిలువు కమ్మీలు వేస్తే జయశంకర్ భూపాలపల్లి, కుమురం భీం ఆసిఫాబాద్ లాంటి పేర్లు కింద పట్టక ఏటవాలుగా తిరుగుతాయి, ఒత్తులూ గుణింతాలూ చదవడానికి మెడ వంచాలి. అడ్డం కమ్మీల చార్టుగా మారిస్తే పేర్లు తిన్నగా నిలుస్తాయి. అప్పుడు ఎక్సెల్ మొదటి జిల్లాను అడుగున పెడుతుంది, 'కేటగిరీస్ ఇన్ రివర్స్ ఆర్డర్' టిక్కు పెడితే పైకి వస్తుంది. జిల్లాలను అక్షర క్రమంలో కాక విలువల క్రమంలో పేర్చుకుంటే సగం విశ్లేషణ అక్కడే అయిపోతుంది. ఫాంటు యూనికోడ్‌దే వాడాలి. డీటీపీ సెంటర్లలో అను ఫాంట్లతో కొట్టిన పేర్లు ఆ ఫాంటు లేని కంప్యూటరులో తెరిస్తే అర్థంలేని అక్షరాల గుంపు అవుతాయి.

చార్టును రిపోర్టులోకి, స్లైడులోకి తీసుకెళ్లేటప్పుడు ఇంకో ప్రమాదం పొంచి ఉంది. వర్డ్‌లోనో పవర్‌పాయింట్‌లోనో అతికించేటప్పుడు వర్క్‌బుక్‌తో సహా చేర్చే 'ఎంబెడ్' పద్ధతి ఎంచుకుంటే, చార్టు వెనుక మొత్తం ఫైలు, అందులోని మిగతా షీట్లతో సహా, ప్రయాణం చేస్తుంది. ఒక వార్డు సగటును చూపే చార్టును పంపితే, ఆ ఫైలులో రోగుల పేర్లున్న షీటు ఉంటే అదీ వెళ్లిపోతుంది. అందుకున్నవారు చార్టు మీద రైట్ క్లిక్ చేసి 'ఎడిట్ డేటా' అంటే అన్నీ తెరుచుకుంటాయి. బయటివారికి పంపేది బొమ్మగానే పంపాలి. అచ్చుకు ఇచ్చే బొమ్మకైతే ఎస్‌వీజీ లాంటి వెక్టర్ రూపం మంచిది, ఎంత పెంచినా గీతల అంచులు చెదరవు. జేపెగ్‌లో అక్షరాల చుట్టూ మసక చేరుతుంది.

మౌసుతో చేసిన దిద్దుబాటుకు ఒక పెద్ద లోటు ఉంది: ఏ క్లిక్ ఎప్పుడు ఎందుకు చేశామో ఎక్కడా నమోదు కాదు. ఆర్, పైథాన్, 1986 నుంచి ఉన్న గ్నూప్లాట్ లాంటివాటిలో చార్టుకు ఆదేశాలు రాతపూర్వకంగా ఉంటాయి కాబట్టి ఎవరైనా చదివి, మళ్లీ నడిపి చూడవచ్చు. అందరూ వాటికి మారాలని నేననను. కాలేజీల్లో, ప్రభుత్వ కార్యాలయాల్లో, పత్రికల్లో ఎక్కువ పని ఎక్సెల్ మీదే సాగుతుంది, సాగనివ్వండి. ప్రాజెక్టు రిపోర్టులు, సిద్ధాంత గ్రంథాలు పరిశీలించే అధ్యాపకులకు మాత్రం ఒక మనవి. చార్టు అచ్చుతో పాటు దాని షీటును కూడా అడిగి తీసుకోండి. ప్రతి చార్టు కింద అక్షం ఎక్కడ మొదలైందో, ఏ కొలతలు వదిలేశారో, గీసిన రేఖ ఏ రకందో ఒకటి రెండు వాక్యాల్లో రాయించండి. రాయలేని విద్యార్థిని మళ్లీ షీటు దగ్గరికి పంపండి.